నాయినకు పనికొచ్చే కూరగాయలు

ఎల్బీనగర్‌లో ఒక అపార్టుమెంటు సెల్లార్‌లో ప్రతి శనివారం సరుకులు పంచేవాళ్లు. బియ్యం, కందిపప్పు, నూనె ప్యాకెట్టు, కూరగాయలు. ఒక్కోసారి గుడ్లు, ఒక్కోసారి ఎవరో దాత పంపిన పచ్చళ్లు, బిస్కెట్లు. దాదాపు రెండేళ్లు మా ఇంట్లో పొయ్యి మీదికి ఎక్కినవాటిలో సగం ఆ సెల్లార్ నుంచి వచ్చినవే. తెచ్చింది నేను. అప్పుడు డిగ్రీ చదువుతున్నాను.

మా నాయినది నల్లగొండ వైపు పల్లె. పెళ్లికి ముందే పట్నం వచ్చి కొత్తపేట పండ్ల మార్కెట్‌లో ట్రాలీ ఆటో నడుపుకుని బతికాడు. తెల్లవారకముందే పోయి, పెట్టెలు ఎత్తుకుని, దుకాణాలకు చేర్చి, మధ్యాహ్నానికి ఇంటికొచ్చేవాడు. ఆయన చొక్కాలన్నిటికీ పండ్ల వాసన ఉండేది. మార్కెట్ అక్కణ్ణుంచి ఊరి బయటికి తరలిపోయాక గిరాకీ తగ్గింది. అంత దూరం పోయి, ట్రిప్పు దొరక్క, ఖాళీ ఆటోతో తిరిగొచ్చిన రోజులే ఎక్కువ. ఆ రోజుల్లోనే కాళ్లకు వాపులొచ్చాయి. తిరిగి తిరిగి వాచాయనుకున్నాం. ఒక పొద్దున మొహమంతా ఉబ్బి, కళ్లు తెరవలేకపోయాడు. దవాఖానకు తీసుకుపోతే రెండు కిడ్నీలూ పాడయ్యాయన్నారు.

వారానికి మూడుసార్లు డయాలసిస్. దానికి మేం ఏమీ కట్టక్కర్లేదు, సర్కారు దవాఖానే. కానీ మూడు రోజులు ఆ మంచం మీద, మిగతా రోజులు ఇంట్లో నీరసంతో ఉన్న మనిషి ఆటో ఎట్లా నడుపుతాడు? ఆటో అమ్మేశాం. అమ్మ దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక చీరల దుకాణంలో పని చేసేది. పొద్దుటి నుంచి రాత్రి దుకాణం మూసేదాకా నిలబడి చీరలు విప్పి చూపించడం, మళ్లీ మడత పెట్టడం. ఆమె జీతం ఇంటి కిరాయికీ, మందులకూ, దవాఖానకు పోయొచ్చే ఆటోలకూ సరిపోయేది. రేషన్ బియ్యం వచ్చేవి. బియ్యంలోకి ఏం కలుపుకోవాలన్నదే ప్రశ్న.

సెల్లార్ సంగతి చెప్పింది నాయిన పక్క మంచం మీద డయాలసిస్ చేయించుకునే ఆయన భార్య. ఆమె చెప్పినప్పుడు అమ్మ తల ఊపి ఊరుకుంది. ఇంటికొచ్చాక నాతో అంది:

"నేనైతె పోను. గా కాలనీ ఆడోళ్లంత మా దుకాణానికే ఒస్తరు. మొన్న బియ్యం పట్కపోయింది గీమెనే కదా అనుకుంటె, రేపు నేను చీర చూపిస్తుంటె నా దిక్కు ఎట్ల చూస్తరు?"

"నేను పోతా," అన్నాను.

"నువ్వు సదువుకునే పిల్లవు."

"సదువుకునే పిల్లలకు ఆకలి కాదా?"

అమ్మ బీరువా పైనుంచి దుకాణం పేరున్న సంచి తీసి, దాన్ని తిరగేసి, పేరు లోపలికి పోయేట్టు చేసి నాకిచ్చింది.

మొదటి శనివారం బాగా గుర్తుంది. మెట్రో లైను కింద నడుచుకుంటూ పోయి, ఆ కాలనీ సందులోకి తిరిగేసరికే వరుస కనిపించింది. కార్లు దిగే ఏటవాలు మీద ఆడవాళ్లు, ముసలివాళ్లు నిలబడి ఉన్నారు. ఎవరూ పెద్దగా మాట్లాడుకోవడం లేదు. కింద రెండు కార్ల మధ్య పట్టాలు పరిచి సరుకులు పెట్టారు. తూచి ఇస్తున్నది గుంటూరు వైపు నుంచి ఎప్పుడో వచ్చి ఇక్కడే స్థిరపడిన ఒక ఆంటీ. బళ్లో పిల్లలకు పాఠాలు చెప్పి రిటైరయిందట. ఎక్కడుంటావు, మీ నాన్న ఏం చేస్తాడు అని అడుగుతుందనుకుని దారి పొడుగునా జవాబులు సిద్ధం చేసుకున్నాను. ఆమె ఏమీ అడగలేదు.

"సంచి తెచ్చుకున్నావా? గుడ్లు పైన పెడతానమ్మా. కింద పెడితే ఇంటికెళ్లేలోపు పగిలిపోతాయి," అంది.

అంతే. నేను సిద్ధం చేసుకున్న జవాబులన్నీ నాతోనే తిరిగొచ్చాయి. ఇంటికొచ్చి సంచి దించాక వంటింట్లో నిలబడి కాసేపు ఏడ్చాను. ఎందుకో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను.

మా నాయనమ్మ మాతోనే ఉండేది. ఆ సంచిలోది ఒక్క గింజ ముట్టలేదు. ఆమెకూ ఒక లెక్క ఉంది. గురువారం దిల్‌సుఖ్‌నగర్‌లో గుడి దగ్గర అన్నదానానికి సంతోషంగా పోయేది, చిన్న డబ్బాలో మాకూ తెచ్చేది. "గది దేవుని ప్రసాదం," అనేది. రేషన్ బియ్యం తినేది. "గవి సర్కారువి, అందరికిస్తరు." సెల్లార్‌వి మాత్రం మనుషులిచ్చినవి.

"కల్లం కాడికొచ్చినోళ్లకు చాటలతోటి పోసిన చెయ్యి బిడ్డా ఇది. గిప్పుడు చాపుమంటె నాతోని కాదు," అనేది. కారం, ఇంత చింతపులుసు కలుపుకుని అన్నం తిని లేచేది. మేం బతిమాలడం మానేశాం.

అసలు చిక్కు వేరే ఉంది. నాయినకు ఏం పెట్టాలో, ఏం పెట్టకూడదో దవాఖానలో ఒకమ్మాయి వివరంగా చెప్పింది. ఉప్పు చాలా తక్కువ. టమాటా వద్దు. ఆకుకూరలు వద్దు. పప్పు ఎప్పుడన్నా కొంచెం. పచ్చడి, అప్పడం పేరెత్తొద్దు. అరటిపండు, మామిడిపండు, కొబ్బరినీళ్లు, ఏవీ వద్దు. నీళ్లు కూడా కొలిచి తాగాలి. సొరకాయ, బీరకాయ, క్యాబేజీ తినొచ్చు, అవి కూడా ముక్కలు ఉడికించి ఆ నీళ్లు పారబోశాకే. గుడ్డులో తెల్లసొన తప్పకుండా పెట్టాలి, లేకపోతే మనిషి కండ కరిగిపోతాడు.

సెల్లార్ సంచి విప్పితే పైన కందిపప్పు, దాని కింద టమాటాలు, పాలకూర కట్టలు, ఆవకాయ ప్యాకెట్టు. ఇచ్చేవాళ్లు మంచివే ఇచ్చారు. మా ఇంట్లో ఆ సంచి ఎవరి కోసం తెచ్చానో ఆయనకే అందులో ఏమీ ఉండేది కాదు. గుడ్లు కూడా అన్ని వారాలూ వచ్చేవి కావు. మేం టమాటా పప్పు వండుకుంటే ఆ వాసన రెండు గదుల ఇంట్లో ఎక్కడికి పోతుంది? నాయిన గోడ వైపు తిరిగి పడుకునేవాడు. అమ్మ పోపు పెట్టడం మానేసింది.

మార్చి ఇమ్మని అడగొచ్చు. కానీ ఊరికే ఇచ్చేచోట ఇది వద్దు, అది కావాలని ఏ మొహంతో అడగడం? చాలా వారాలు అడగలేదు. ఒక శనివారం ఆంటీ టమాటాలు వేస్తుంటే నా చెయ్యి దానంతటదే సంచి మూతి మూసేసింది.

"ఏం? వద్దా?"

"మా నాయినకు పడవు ఆంటీ."

"పడకపోవడమేంటి?"

చెప్పాను. వెనకాల వరుస ఉంది, అందుకని గబగబా చెప్పాను. ఆమె టమాటాలు చేతిలో పట్టుకుని అంతా విని, "ఇన్నాళ్లూ చెప్పొద్దుటమ్మా? నోరుంది కదా!" అని కసిరింది. తర్వాత వెనక్కి తిరిగి, ఒక బుట్టలో వెతికి సొరకాయ తెచ్చి వేసింది. ఆ పైవారం నుంచి నా కోసం ఒక సంచి పక్కన పెట్టి ఉండేది. సొరకాయో బీరకాయో, క్యాబేజీ, ఇంకెవరికీ లేని వారాల్లో కూడా గుడ్లు. గుడ్లు ఆమె ఇంట్లోవేమోనని నా అనుమానం. అడగలేదు.

అట్లా కొన్ని నెలలు బాగానే గడిచాయి. నాయిన కొంచెం తేరుకున్నాడు కూడా. సాయంత్రాలు మెట్ల మీద కూర్చుని సందులో పోయేవాళ్లను పలకరించేవాడు.

ఒక శనివారం సెల్లార్‌కు ఒక కుటుంబం వచ్చింది. తుర్కయంజాల్ వైపు పాత ఆసాములు, ఇప్పుడు ప్లాట్ల వ్యాపారం. కొడుకు పుట్టినరోజని ఆ వారం సరుకులన్నీ వాళ్లే కొన్నారట. మంచివాళ్లే. నవ్వుతూ తలా ఒక మిఠాయి డబ్బా కూడా ఇచ్చారు. ఇచ్చాక ఆయన, "ఒక్క ఫొటో మేడం, అందరు జర గిటు చూడుండ్రి," అన్నాడు. ఆంటీ మొహం మాడ్చుకుంది కానీ ఏం అనలేకపోయింది. వరుసలో నేను ముందున్నాను. నా చేతుల్లో నూనె ప్యాకెట్టు ఉంది, దాని రెండో కొస ఆయన చేతిలో ఉంది.

ఆ ఫొటో ఎన్ని ఫోన్లు తిరిగిందో. వాళ్లతో ప్లాట్ల బేరాలు చేసే మనిషి ఒకడు మా ఊరివాడు. రెండ్రోజులకు మా పెద్దనాయిన, నాయినకు సొంత అన్న, పొద్దున్నే బస్సు దిగి వచ్చాడు. భుజం మీద చిన్న బియ్యం మూట. మూట దించకముందే ఫోను తీసి నాయిన మొహం ముందు పెట్టాడు.

"ఏందిరా గిది? ఊర్లె అందరి ఫోన్లల్ల తిరుగుతున్నది. నీ బిడ్డ నూనె ప్యాకెట్టుకు చేతులు చాపి నిలవడ్డది. మనమేమన్న దిక్కులేనోళ్లమా?"

నాయిన ఫోను చేతిలోకి తీసుకుని చూస్తూ ఉండిపోయాడు. ఆ తర్వాత మెల్లగా అన్నాడు:

"పిల్ల చిక్కిపోయింది కదన్నా."

"నేనేమడుగుతున్న, నువ్వేం చెప్తున్నవ్? నన్నొక్క మాట అడగొద్దా?"

"అడిగితె ఏమిస్తవే? నీ బోరు ఎండి ఎన్నొద్దులాయె."

అమ్మ చాయ ఇస్తే పెద్దనాయిన తాగలేదు. మూట మూలకు పెట్టి లేచాడు. నేను బస్టాపు దాకా వెంట పోయాను. ఎల్బీనగర్ చౌరస్తా దాటేటప్పుడు నా చెయ్యి పట్టుకున్నాడు, చిన్నపిల్లను దాటించినట్టు. బస్సు వచ్చాక అన్నాడు, "నేనన్నది మనసుల పెట్టుకోకు బిడ్డా. నాతోని ఏం కాక ఒర్లిన."

ఇంటికొచ్చేసరికి నాయిన గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. "గిప్పటిసంది నువ్వు ఆడికి పోవద్దు," అన్నాడు. అమ్మ దిక్కు కూడా చూసి అదే మాట అన్నాడు.

ఆ శనివారం పోలేదు. పెద్దనాయిన తెచ్చిన బియ్యం వండాం. నాయిన రెండు ముద్దలు తిని, "ఆకలైతలేదు," అని పక్కకు పెట్టేవాడు. నిజంగా ఆకలి లేదో, సిగ్గు ఆకలిని తినేసిందో. గుడ్లు అయిపోయాయి. డయాలసిస్‌కు పోయినప్పుడు నర్సు రక్తం రిపోర్టు చూసి అమ్మను కేకలేసింది. "ఏం పెడుతున్నవమ్మా ఈయనకు? మనిషి ఎట్లయిండో సూస్తున్నవా?" అమ్మ ఆ కేకలు తింటూ నిలబడింది.

తర్వాతి శనివారం నేను కాలేజీకని చెప్పి సెల్లార్‌కు పోయాను. ఆంటీ నన్ను చూడగానే ఆ ఫొటో సంగతి ఎత్తింది. "ఇకమీదట ఎవడు ఎంతిచ్చినా ఫొటోల్లేవు. చెప్పేశాను," అంది. సొరకాయ, గుడ్లు తెచ్చాను. అమ్మ వండింది. నాయిన ముందు కంచం పెట్టాం. ఆయన సంచి వైపు చూశాడు, కంచం వైపు చూశాడు, తల తిప్పుకున్నాడు.

"నాకద్దు."

"తినకపోతె ఎట్ల?" అంది అమ్మ.

"నాకద్దన్నగా!"

మూలన కూర్చున్న నాయనమ్మ లేచింది. మోకాళ్ల మీద చేతులు ఆనించి, మెల్లగా వచ్చి నాయిన పక్కన చతికిలబడింది. "నాకు పెట్టుండ్రి," అంది. మేం కదల్లేదు. ఆమె ఎవరి కోసం అడుగుతోందో మాకు అర్థం కాలేదు. ఆమే నాయిన కంచం ముందుకు లాక్కుని, సొరకాయ కూర అన్నంలో కలిపి, ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. నమిలింది. నములుతూ నములుతూ ఆగింది.

"ఉప్పు లేదు," అంది.

నాయిన వైపు తిరిగింది.

"గిట్లనే తింటున్నవా కొడుకా, ఇన్నొద్దులసంది?"

నాయిన తల ఊపాడు. ఇన్నాళ్లూ ఆమె ఆ గిన్నె ముట్టలేదు కదా, ఆయన ఏం తింటున్నాడో ఆమెకు తెలియదు. రుచి పచీ లేని ఆ అన్నాన్ని కొడుకు పూట పూటా మింగుతున్నాడని ఆ ముద్దతోనే తెలిసింది. ఆమె ఇంకో ముద్ద కలిపింది. అది నాయిన నోటి దగ్గర పెట్టింది. నాయిన నోరు తెరిచాడు. ఇద్దరూ ఒకే కంచంలో తిన్నారు. ఆమె ఒకటి తిని, ఆయనకొకటి పెట్టి. కళ్లు తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేక ఆమె నాయిన భుజానికి మొహం రుద్దుకుంది.

ఆ రోజు నుంచి నాయనమ్మ ఉప్పున్న గిన్నెలోంచి వడ్డించుకోలేదు. గురువారం గుడికి పోయినా అక్కడ తినేది కాదు, డబ్బాలో పెట్టించుకుని మాకు తెచ్చేది. శనివారం నేను ఆలస్యమైతే గుమ్మంలో నిలబడి, "యాల్లైంది, ఇంక పోవా?" అని తొందరపెట్టేది ఆమే.

ఆ ఎండాకాలం సెల్లార్‌కు ఎవరో మామిడిపండ్లు పంపారు. ఆంటీ నా సంచిలో నాలుగు వేసి, వెంటనే నాలుక కరుచుకుని, "అయ్యో, నాన్నగారికి కూడదు కదూ," అని తీయబోయి, మళ్లీ మానేసింది. "మీరు తినండమ్మా. మీరూ మనుషులేగా."

ఆయన ముందు ఎట్లా తినడమని వాటిని బియ్యం డబ్బాలో దాచాను. మామిడిపండును మా నాయిన దగ్గర దాచగలమా! "యాడ పెట్టినవో తియ్," అన్నాడు మంచం మీది నుంచే. ఒకటి చేతిలోకి తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఆ మొహం చాలా రోజుల తర్వాత చూశాను. చాకు తెప్పించుకుని ఆయనే కోశాడు. ముక్కలు మాకు పంచి, టెంక పక్కన పెట్టాడు. "జర నాకుతా," అని అమ్మను చిన్నగా అడిగాడు. అమ్మ తల అడ్డంగా ఊపి, వెంటనే మొహం అటు తిప్పుకుంది. ఆయన వేళ్లకంటిన రసం మాత్రం నాకి, నీళ్లు పోయమని చెయ్యి చాపాడు.

వానలు మొదలయ్యాక నాయిన పోయాడు. డయాలసిస్‌కు పోతూ, ఆటోలో. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ఆటో అబ్బాయితో, "మెల్లగ పోనియ్ తమ్మీ, రోడ్డంత గుంతలున్నయి," అన్నాడట. ఆ తర్వాత అమ్మ భుజం మీద తల ఆనించాడు. నిద్రపోయాడనుకుని, లేస్తాడేమోనని అమ్మ భుజం కదపకుండా కూర్చుందట. దవాఖాన గేటు దగ్గర దింపుదామని చూస్తే లేవలేదు.

ఊళ్లో దహనం చేశాం. దినాల నాడు చనిపోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ వండి విస్తట్లో పెడతారు. టమాటా పప్పు వండారు. కూర నిండా ఉప్పూ కారం వేసి వండారు. మామిడికాయ తొక్కు, అప్పడాలు, అరటిపండు, కొబ్బరికాయ. రెండేళ్లు ఆయన దగ్గరికి రానివ్వకుండా మేం కాపలా కాసినవన్నీ ఒక్క విస్తట్లో చేరాయి. ఒక గ్లాసు నిండా నీళ్లు కూడా. నాయనమ్మ విస్తరి ముందు కూర్చుని, "తిను కొడుకా, గిప్పుడేం తిన్నా ఏం గాదు," అంటుంటే అమ్మ తట్టుకోలేక లేచి పొలం వైపు పోయింది.

పట్నం తిరిగొచ్చాక మొదటి శనివారం నేను మళ్లీ సెల్లార్‌కు పోయాను. పోక తప్పదు, ఇంట్లో బియ్యం తప్ప ఏం లేవు. ఆంటీకి ఎవరూ చెప్పలేదు. నన్ను చూసి, పక్కన పెట్టిన సంచి అందుకుంటూ, "ఎక్కడికెళ్లిపోయావే? బీరకాయలు వాడిపోతే వేరేవాళ్లకిచ్చేశాను. ఈ వారం లేతవొచ్చాయి. నాన్నగారెలా ఉన్నారు?" అంది.

ఆమె నా మొహం చూసింది. చేతిలో సంచితోనే బియ్యం బస్తా మీద కూర్చుండిపోయింది. వెనక వరుసలోవాళ్లు తొంగి చూస్తున్నారు. కాసేపటికి తేరుకుని, సంచిలోంచి బీరకాయలు తీసి కింద పెట్టి, టమాటాల వైపు చెయ్యి చాపింది. మళ్లీ ఆగి అడిగింది:

"బీరకాయలు తీసెయ్యనా, ఉంచనా?"

"ఉంచండి ఆంటీ."

సాయంత్రం అమ్మ దుకాణం నుంచి వచ్చి ఆ బీరకాయలు కోసింది. ముక్కలు ఉడికించి, నీళ్లు పారబోసింది. ఉప్పు వేయలేదు. పొయ్యి ఆపాక గానీ తను చేసింది తనకు తెలియలేదు. గిన్నె అట్లాగే తెచ్చి మా మధ్య పెట్టింది. ముగ్గురం అదే తిన్నాం. ఎవరం ఉప్పు డబ్బా కోసం లేవలేదు.

డిగ్రీ అయ్యాక నాకు ఎల్బీనగర్‌లోనే ఒక రక్తపరీక్షల ల్యాబులో ఉద్యోగం వచ్చింది. మొదటి జీతం అందిన వారం ఆంటీకి చెప్పడానికి పోయాను. ఆమె చాలా సంతోషించింది. "ఇంక ఇక్కడికి రాకమ్మా," అని, ఆ మాట ఎట్లా వినిపించిందోనని కంగారుపడి, "అంటే, వచ్చి పోతూ ఉండు. వరుసలోకి రాకు," అంది. ఆమె చెప్పింది నాకు మొదటిసారే అర్థమైంది. అయినా ఆమె రెండోసారి చెప్పాక రెండు చేతులూ పట్టుకున్నాను.

ఆ మరుసటి ఏడు సెల్లార్ ఇవ్వడానికి అపార్టుమెంటువాళ్లు ఒప్పుకోలేదు. కార్లకు చోటు చాలడం లేదు, ఎవరెవరో లోపలికి వస్తున్నారు అని అసోసియేషన్‌లో గొడవ చేశారట. ఆంటీ వేరే చోటు వెతికింది, దొరకలేదు. ఇప్పుడు అక్కడ గేటు దగ్గర వాచ్‌మన్ కుర్చీ ఉంటుంది.

మొన్న దిల్‌సుఖ్‌నగర్ బస్టాపులో ఒకావిడ నన్ను గుర్తుపట్టి పలకరించింది. సెల్లార్ వరుసలో ఎప్పుడూ నా ముందో వెనకో నిలబడేది. బొంగ్లూరులో ఇళ్లు కట్టేచోట కూలికి పోతోందట. ఇద్దరు మనవళ్లు ఆమె దగ్గరే ఉన్నారట. ల్యాబు కోటు చూసి, "నౌకరొచ్చిందా, మంచిగైంది బిడ్డా," అంది. ఆ తర్వాత గొంతు తగ్గించి అడిగింది:

"గా మేడం గిప్పుడు యాడ ఇస్తున్నది? నీకేమన్న ఎరుకేనా?"

బందయిందని చెప్పాను. "మల్ల పెడ్తదేమో కదా," అంది. ఇంతలో ఆమె బస్సు వచ్చింది. ఎక్కి, కిటికీ దగ్గర సీటు దొరికించుకుని, నా వైపు చూస్తూ చెయ్యి ఊపింది.